తడిక, మట్టి, దూలాల ఊరు: క్వెడ్లిన్‌బుర్గ్ గురించి మీ ప్రశ్నలు

పోయిన సంచికలో జర్మనీ హార్జ్ కొండల గురించి రాస్తూ, ఆ కొండల అంచున ఉన్న క్వెడ్లిన్‌బుర్గ్ ఊరి ఫొటో ఒకటి వేశాం. నల్లటి దూలాలు, వాటి మధ్య పసుపు, ఎరుపు, తెలుపు గోడలు, కాస్త పక్కకు వాలినట్టున్న ఇళ్ళు. నేను రాసిన మూడు పేజీల గురించి ఒక్కరూ అడగలేదు, ఉత్తరాలన్నీ ఆ ఫొటో గురించే. నాకు అదే సంతోషం. పద్నాలుగేళ్ళుగా మాగ్డెబుర్గ్‌లో ఉంటున్నాను. ఎవరు చుట్టాలొచ్చినా ముందు ఆ ఊరికే తీసుకెళ్తాను. అందుకే ఈ నెల ప్రశ్నలన్నీ దాని మీదే.

మా అబ్బాయి మాగ్డెబుర్గ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. అక్టోబర్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. ఆ ఊరు ఒక్క రోజులో చూసి రావచ్చా? మావారికి మోకాళ్ళ నొప్పులు. — ఒక పాఠకురాలు, కాకినాడ

రావచ్చండీ. మాగ్డెబుర్గ్ నుంచి హాల్బర్‌స్టాట్ మీదుగా రీజనల్ రైలులో గంటంబావు ప్రయాణం. మీ అబ్బాయి దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్, రీజనల్ రైళ్ళలో తిరగడానికి నెలనెలా కొనే టికెట్) ఉంటే అతనికి వేరే ఖర్చు లేదు. మీ ఇద్దరికీ ఆ రాష్ట్రం డే టికెట్, అంటే జాక్సెన్-అన్‌హాల్ట్ టికెట్ తీసుకోండి. ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద వెళ్ళొచ్చు. మామూలు రోజుల్లో మాత్రం ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది.

కానీ నా మాట వింటే ఒక రాత్రి ఉండండి. సాయంత్రం అయిదు దాటాక టూరిస్టు బస్సులు వెళ్ళిపోతాయి. అప్పుడు ఒక్కో కిటికీలో దీపం వెలుగుతుంది. ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు, ఒక పిల్లాడు పియానో మీద ఒకే పాట మళ్ళీ మళ్ళీ వాయించడం వినిపిస్తాయి. ఇది మ్యూజియం కాదు, మనుషులు కాపురం ఉంటున్న ఊరు అని మీకు తెలిసేది అప్పుడే.

స్టేషన్ నుంచి మార్కెట్ దాకా పావుగంట నడక, దాదాపు చదునుగానే ఉంటుంది. వీధుల్లో మాత్రం గుండ్రాళ్ళు పరిచి ఉంటాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ రాళ్ళ మీద లాగి లాగి నా సూట్‌కేస్ చక్రం ఊడిపోయింది. బ్యాగ్ భుజానికి వేసుకునేది తీసుకెళ్ళండి, మెత్తటి అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. కోట గుట్ట ఎత్తు పెద్దది కాదు, మెల్లగా ఎక్కేయొచ్చు. ఎదురుగా ఉన్న మ్యూన్‌త్సెన్‌బెర్గ్ గుట్టకు మెట్లెక్కాలి. మీవారిని కింద బెంచీ మీద కూర్చోబెట్టి మీరూ మీ అబ్బాయీ వెళ్ళి రండి. అక్కడ 986లో కట్టిన సన్యాసినుల మఠం ఉండేది. అది పాడుబడ్డాక ఆ శిథిలాల మీదే వాద్యగాళ్ళు, చేతిపనులవాళ్ళు, ఊళ్ళో చోటు దొరకని పేదలు చిన్న చిన్న ఇళ్ళు కట్టుకున్నారు. కోట మొత్తం కళ్ళ ముందు నిలబడేది అక్కణ్ణుంచే. సోమవారం వెళ్ళకండి, చాలా మ్యూజియంలు మూసి ఉంటాయి.

నేను సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఆ ఇళ్ళు నిజంగా కర్రా మట్టితోనే కట్టారా? మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళ స్లాబు పెచ్చులూడిపోతోంది. అవి ఆరేడు వందల ఏళ్ళు ఎలా నిలిచాయి? — ఒక విద్యార్థి, వరంగల్

బాబూ, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. మాది కోనసీమ, మా నాన్నగారు వడ్రంగి. 2017 మే నెలలో ఆయన నా దగ్గరికి వచ్చారు. బెర్లిన్ చూపించాను, పెద్దగా మాట్లాడలేదు. క్వెడ్లిన్‌బుర్గ్ వెళ్ళాక ఆయన్ని కదిలించడం నా వల్ల కాలేదు.

ఈ కట్టుబడిని జర్మన్‌లో ఫాఖ్‌వెర్క్ అంటారు. ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు రెండువేలకు పైగా ఉన్నాయి. ఒక కాలానివి కావు, ఎనిమిది శతాబ్దాలలో కట్టినవి. అందుకే ఒక్క ఊరు తిరిగితే ఆ విద్య ఎలా ఎదిగిందో మొత్తం చూడొచ్చు. 1994లో యునెస్కో జాబితాలో చేర్చినప్పుడు కోటనూ చర్చినీ మాత్రమే కాదు, పాత ఊరినంతటినీ చేర్చారు.

నువ్వు మొదట చూడాల్సింది వోర్ట్‌గాస్సె వీధిలో 3వ నంబర్ ఇల్లు. 14వ శతాబ్దం నాటిది, ఇప్పుడు ఫాఖ్‌వెర్క్ మ్యూజియం. పైకి ఏ అలంకారమూ లేదు, చాలామంది చూడకుండా దాటిపోతారు. దాని గుంజలు కింద నుంచి పైకప్పు దాకా ఒకే మాను. నాన్నగారు ఒక గుంజ మీద వేలిముడుకుతో కొట్టి, చెవి ఆనించి, మళ్ళీ కొట్టారు. "ఇది లోపల ఇంకా గట్టిగానే ఉందమ్మా" అన్నారు. అంత పొడవు చెట్లు దొరకడం కష్టమైంది కాబట్టి, తర్వాతి కాలంలో ఏ అంతస్తుకు ఆ అంతస్తు విడిగా చట్రం కట్టి ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. పై అంతస్తు దూలాలను కాస్త ముందుకు పొడిచేవాళ్ళు. దాంతో పైన గదికి చోటు పెరిగింది, వాన కింది గోడ మీద పడకుండా దూరంగా పడింది. మన చూరు చేసే పనే అది.

ఇక కీళ్ళు. ఒక దూలం చివర నాలుకలాగా చెక్కుతారు. దాన్ని ఇంకో దూలంలో తొలిచిన తొర్రలోకి దూరుస్తారు. రెండిటినీ కలిపి అడ్డంగా బెజ్జం వేసి ఓక్ చెక్క మేకు దిగ్గొడతారు. ఇనుము ఉండదు, కాబట్టి తుప్పు పట్టి కర్రను తినదు. చాలావరకు పచ్చి కర్రే వాడేవాళ్ళు, ఆరేకొద్దీ మెలితిరిగేది. ఇళ్ళు ఒరిగినట్టు కనబడేది అందుకే. చట్రం మొత్తం ముందు నేల మీద పరిచి, అమర్చి చూసుకుని, విప్పి, ఇంటి చోటుకు మోసుకెళ్ళి నిలబెట్టేవాళ్ళు. ఏ కర్ర ఎక్కడిదో మరిచిపోకుండా ఉలితో గీతలు పెట్టేవాళ్ళు: ఒక గీత, రెండు, మూడు, నాలుగు. ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక సందులో దూలం మీద అలాంటి మూడు గీతలు నాన్నగారే కనిపెట్టారు. ఆయన కూడా ద్వారబంధం ముక్కల మీద అలాగే గీతలు పెడతారు, నా చిన్నప్పుడు ఆ గీతలు లెక్కపెట్టడం నాకు ఆట. ఆ దూలం మీద గీతల్ని బొటనవేలితో తడిమి, "మనవాడే" అన్నారు. ఆ ఇల్లు కట్టినవాడు జర్మన్ అని తెలియక కాదు.

గోడలు దూలాల మధ్య ఖాళీల్లో నింపినవి మాత్రమే. బరువు మోసేది చట్రం, గోడ కాదు. అంటే మీ పుస్తకంలో ఉండే ఫ్రేమ్డ్ స్ట్రక్చరే. ఆ ఖాళీల్లో సన్న పుల్లలతో తడిక అల్లి, గడ్డి కలిపి తొక్కిన బంకమట్టి రెండు వైపులా మెత్తి, పైన సున్నం వేస్తారు. మేం వెళ్ళిన రోజు ‘కొత్త ఊరు’ అని పిలిచే పేటలో ఒక ఇంటికి మరమ్మతు జరుగుతోంది. ఒక గడిలో పాత మట్టి రాల్చేశారు, లోపల తడిక బయటపడి ఉంది. కింద బకెట్లో కలిపిన మట్టి. నాన్నగారు ఆ పనివాడి వంక చూసి, బకెట్ వంక చేయి చూపించారు. అతను నవ్వి తలూపాడు. నాన్నగారు పిడికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి, ఉండ చేసి, అతని పక్కన నిలబడి ఒక మూల మెత్తారు. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవలేదు. పావుగంట అలాగే పనిచేశారు. నా దగ్గర ఆ ఫొటో ఉంది. ఆయన చెప్పులు, ప్యాంటు అంచూ నిండా మట్టే.

ఎలా నిలిచాయి అన్నావు. మూడు సంగతులు. కింది దూలం నేలకు తగలకుండా రాతి పునాది మీద కూర్చుంటుంది. మట్టి కర్రలోని చెమ్మను పీల్చి బయటకు వదిలేస్తుంది, కాబట్టి కర్ర ఆరుతూ ఉంటుంది. ఇంకొకటి, ఏ భాగం పుచ్చితే ఆ భాగమే కోసి అంతమేర కొత్త ఓక్ అతికించొచ్చు, ఇల్లు పడగొట్టక్కర్లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 20వ శతాబ్దంలో చాలాచోట్ల ఇలాంటి ఇళ్ళకు సిమెంటు పూత వేశారు. సిమెంటు ఊపిరాడనివ్వదు. చెమ్మ లోపలే చిక్కుకుని వందల ఏళ్ళు నిలిచిన దూలం కొన్నేళ్ళలో పుచ్చిపోయింది. ఇప్పుడు సిమెంటు గీకేసి మళ్ళీ మట్టే మెత్తుతున్నారు. మన పాత మండువా ఇళ్ళకు సిమెంటు కొట్టించాలనుకునేవాళ్ళు దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఈ ఊరు కూడా తృటిలో తప్పించుకుంది. తూర్పు జర్మనీ కాలంలో మరమ్మతులకు డబ్బులేక ఇళ్ళు కూలిపోతుంటే, పాత ఊళ్ళో చాలా భాగం తీసేసి కొత్త కట్టడాలు కట్టాలని ప్లాన్లు వేశారు. కొన్ని వీధుల్లో ఆ కాంక్రీటు ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. 1980లలో పోలండ్ నుంచి మరమ్మతు నిపుణులు వచ్చి కొన్నిటిని నిలబెట్టారు. 1990లో రెండు జర్మనీలూ కలిశాక పని ఊపందుకుంది. ఇంకా పూర్తి కాలేదు, కిటికీలకు చెక్కలు కొట్టేసిన ఇళ్ళు నీకు కనిపిస్తాయి. మా పెదనాన్నగారి మండువా ఇల్లు 2009లో పడగొట్టి స్లాబు వేశారు. ఆ ఇంటి తలుపులు మా తాతగారు చెక్కినవి. క్వెడ్లిన్‌బుర్గ్‌లో ఆ సాయంత్రం నాన్నగారు ఆ తలుపుల గురించే మాట్లాడారు.

అన్నట్టు, తల పైకెత్తి నడువు. దూలాల చివర వజ్రం సానబట్టినట్టు చెక్కి ఉంటుంది, విసనకర్రలాంటి పువ్వులుంటాయి, కొన్నిటి మీద కట్టిన సంవత్సరమూ ఉంటుంది.

ఫొటోలో ఇళ్ళ వెనక కాలువ కనిపించింది. వెనిస్‌లా పడవ షికారు ఉంటుందా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

ఉండదు. అది షికారు కోసం తవ్వింది కాదు, పని కోసం తవ్వింది. హార్జ్ కొండల నుంచి వచ్చే బోడె నది నీళ్ళను మళ్ళించి, పిండిమరలు తిప్పడానికి ఊళ్ళోకి తెచ్చుకున్నారు. పేరు మ్యూల్‌గ్రాబెన్, మర కాలువ అని అర్థం. పాత ఊరికీ కొత్త ఊరికీ మధ్య సన్నగా పారుతుంది. కొత్త ఊరన్నది పేరుకే, దానికీ ఎనిమిది వందల ఏళ్ళుంటాయి. 1330లో రెండూ ఒకే ఊరయ్యాయి.

వీధివైపు ఇళ్ళు ముస్తాబై నిలబడతాయి. కాలువవైపు మాత్రం కట్టెల మోపు, బట్టలారేసిన తీగ, వెనక వాకిలి, ఒక పిల్లి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ గట్టున పుట్టినదాన్ని కాబట్టేమో, నాకు వీధికంటే ఆ పెరటివైపే ఇష్టం. చిన్న వంతెన ఏదైనా దొరికితే పది నిమిషాలు ఆగండి. నీళ్ళు పెద్దగా కనపడవు గాని చప్పుడు బాగా వినిపిస్తుంది.

ఆ ఊరిని ఆడవాళ్ళు పాలించారని రాశారు. రాణులా? — ఒక పాఠకురాలు, విజయవాడ

రాణులు కాదండీ, మఠాధిపతులు. తూర్పు ఫ్రాంకుల రాజు మొదటి హైన్రిక్ 936లో చనిపోతే ఇక్కడ కోట గుట్ట మీదే సమాధి చేశారు. ఆయన భార్య మటిల్డె, కొడుకు ఒట్టో కలిసి అదే ఏడు అక్కడ పెద్దింటి స్త్రీల కోసం ఒక మఠం పెట్టారు. మటిల్డె ముప్ఫై ఏళ్ళు నడిపింది. తర్వాత అదే పేరున్న ఆమె మనవరాలు మొదటి మఠాధిపతి అయింది. మొదట్లో వాళ్ళు చక్రవర్తికీ పోపుకీ తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. 1802 దాకా, అంటే 860 ఏళ్ళకు పైగా ఆ మఠం సాగింది. అందరూ మంచివాళ్ళేం కాదు. 1477లో ఊరివాళ్ళు స్వతంత్రం కావాలని ఎదురుతిరిగితే, హెడ్విగ్ అనే మఠాధిపతి తన అన్నదమ్ముల సైన్యాన్ని పిలిపించి అణచేసింది. ఊరి స్వేచ్ఛకు గుర్తుగా ఉన్న రోలాండ్ విగ్రహాన్ని కూల్చేశారు. 19వ శతాబ్దంలో దాన్ని మళ్ళీ నిలబెట్టారు, టౌన్‌హాల్ ముందు చూడొచ్చు.

కానీ ఆ ఊరి ఆడవాళ్ళలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి మఠంలో లేదు. డొరొథేయా ఎర్క్స్‌లేబెన్, 1715లో ఇక్కడ పుట్టింది. వైద్యుడైన తండ్రి దగ్గరే వైద్యం నేర్చుకుంది. ఆడపిల్లలకు యూనివర్సిటీ గడప తొక్కే వీలు లేని రోజులవి. ప్రష్యా రాజుకు అర్జీ పెట్టుకుని 1741లో యూనివర్సిటీ పట్టా పరీక్షకు అనుమతి తెచ్చుకుంది. పెళ్ళి, పిల్లలు, ఇంటెడు చాకిరీ, ఆ మధ్యలోనే రోగులు. ఒక రోగి చనిపోతే ఊరి డాక్టర్లు ఆమె నాటువైద్యం చేస్తోందని ఫిర్యాదు చేశారు. ఆమె థీసిస్ రాసి, పరీక్షకు నిలబడి, 1754లో హాలె యూనివర్సిటీ నుంచి డాక్టర్ పట్టా పుచ్చుకుంది. జర్మనీలో వైద్యంలో డాక్టరేట్ పొందిన మొదటి స్త్రీ ఆమే. ఇప్పుడు ఊరి ఆసుపత్రికి ఆమె పేరే.

కోట గుట్ట మీది చర్చిలోని ఖజానా కూడా చూడండి. 1945లో ఒక అమెరికా సైనికాధికారి అందులోని విలువైన వస్తువులు కొన్ని పోస్టులో టెక్సస్‌లోని తన ఇంటికి పంపేసుకున్నాడు. 1993లో గాని అవి తిరిగి రాలేదు. రెండు ఇప్పటికీ దొరకలేదు.

మేం శాకాహారులం. తిండి సంగతేమిటి? — ఒక పాఠకుడు, నెల్లూరు

ఇబ్బంది పడరు. బంగాళాదుంప తురిమి అట్టులా వేయించిన కార్టోఫెల్‌పుఫర్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, యాపిల్ గుజ్జుతో ఇస్తారు. మీ సంచిలో కాస్త కారప్పొడి ఉంటే ఇంకా బాగుంటుంది. బంగాళాదుంప వేపుళ్ళలో, సూపుల్లో చిన్న పంది మాంసం ముక్కలు, స్పెక్ అంటారు, వేస్తుంటారు. అందుకని "ఓనె ఫ్లైష్, ఓనె స్పెక్" అని రెండూ చెప్పండి. కోట కింద కేఫుల్లో చీజ్ కేక్ తప్పకుండా తినండి, గుడ్డు ఉంటుంది మరి. ఆదివారం కిరాణా షాపులు తెరవరు, శనివారమే పండ్లూ పెరుగూ కొనిపెట్టుకోండి.

రైల్వేలో రిటైరయ్యాను. అక్కడ స్టీమ్ ఇంజిన్ ఇంకా నడుస్తోందంటే నిజమేనా? — ఒక పాఠకుడు, గుంతకల్లు

నిజం సార్. పైగా మీటర్ గేజ్! హార్జ్ కొండల్లో 140 కిలోమీటర్ల మీటర్ గేజ్ ఉంది. మనవైపు మీటర్ గేజ్ అంతా బ్రాడ్ గేజ్ చేశారు కదా, ఇక్కడ సరిగ్గా దానికి రివర్స్. క్వెడ్లిన్‌బుర్గ్ నుంచి గెర్న్‌రోడె దాకా ఉన్న మామూలు లైన్ మూతపడితే, దాన్ని మీటర్ గేజ్‌గా మార్చి 2006లో ఆ చిన్న రైలును ఊరి స్టేషన్ దాకా తెచ్చారు. డీజిల్ బండ్లూ నడుస్తాయి, కాబట్టి టైమ్‌టేబుల్‌లో స్టీమ్ గుర్తు ఉన్న బండే చూసుకోండి. ఇంజిన్ వెనక పెట్టె చివర తెరిచి ఉండే చిన్న వసారాలో నిలబడండి. బొగ్గు వాసనకు మీకు ఉద్యోగం మొదటి రోజు గుర్తొస్తుంది.

క్వెడ్లిన్‌బుర్గ్ పక్కనే ఎక్కడో తెలుగు పుస్తకాలు మొదటిసారి అచ్చయ్యాయని మా మాస్టారు చెప్పేవారు. అది ఏ ఊరు? — ఒక పాఠకురాలు, తెనాలి

మీ మాస్టారు చెప్పింది సరైనదే. ఆ ఊరు హాలె. డొరొథేయా ఎర్క్స్‌లేబెన్‌కు పట్టా ఇచ్చిన ఊరే. బెంజమిన్ షుల్ట్జ్ అనే మిషనరీ మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. 1743లో తిరిగి వెళ్ళిపోయి, హాలెలోని ఫ్రాంకె సంస్థల అనాథాశ్రమంలో చేరాడు. 1746, 1747లలో అక్కడే తెలుగు అక్షరాలు పోతపోయించి మతపరమైన చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చులో తెలుగు కనిపించడం అదే మొదలు. డొరొథేయా పరీక్షకు నిలబడిన ఏడు షుల్ట్జ్ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. 1760లో అక్కడే చనిపోయాడు.

క్వెడ్లిన్‌బుర్గ్ నుంచి రైలులో దాదాపు గంటన్నరలో వెళ్ళొచ్చు. ఫ్రాంకె సంస్థల ప్రాంగణం ఇప్పటికీ అలాగే ఉంది, లోపలికి వెళ్ళి తిరగొచ్చు. దాని పాత గ్రంథాలయం గదిలోకి తప్పకుండా వెళ్ళండి. బయటికొచ్చాక ఎదురుగా పొడవాటి ఇంటి వరస ఒకటి కనిపిస్తుంది. ఐరోపాలోని అతిపెద్ద ఫాఖ్‌వెర్క్ కట్టడాల్లో అదొకటి. నాన్నగారు దాని పొడవు అడుగులతో కొలవాలని మొదలుపెట్టారు. సగం దూరం వెళ్ళేసరికి వాన వచ్చింది. మిగతా సగం ఈ వేసవిలో వచ్చి కొలుస్తానన్నారు, టికెట్ కొన్నాను.